బోణీకి పోయిన ఒకటో నంబరు

పొద్దున పెడనలో రైలెక్కి, బెజవాడలో పని చూసుకుని, రాత్రికి ఇల్లు చేరడం మా చీరల వ్యాపారస్తులకు కొత్త కాదు. ఆ గురువారం మాత్రం నా మూటలో చీరలు లేవు, పన్నెండు బొమ్మల కథల పుస్తకాలున్నాయి. పేరు 'కత్తి కోటయ్య'. నా చిన్నప్పుడు ఎవరో చిన్న ప్రెస్సువాళ్లు నెలకొకటి చొప్పున ఏడాదిపాటు వేసి చేతులెత్తేశారు. పాత పుస్తకాలు అమ్ముకునే ఆలోచన ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఈ ప్రయాణం వివరంగా రాస్తున్నాను. దారి నేను వెళ్లిన దారే మంచిది. నేను చేసిన పని మాత్రం చేయకండి.

అసలు సంగతి మా మంచం కింద ట్రంకు పెట్టె. అందులో కోటయ్యలు కాక మరో తొంభై పిల్లల పుస్తకాలున్నాయి, జంతికల డబ్బులు మిగిల్చి కొన్నవి. ఇల్లు ఊడ్చినప్పుడల్లా చీపురు ఆ పెట్టెకు తగలడం, మా ఆవిడ నాగరత్నం ఓ మాట అనడం పదిహేనేళ్లుగా జరుగుతున్నదే. కోటయ్యలకు బెజవాడలో వందలు పలుకుతున్నాయని నేను నోరు జారేసరికి పట్టుకుంది.

"అయితే అమ్మి నాకో కుట్టుమిషను తెండి చూద్దాం. తెస్తే ఈ జన్మలో ఆ పెట్టె జోలికి రాను. తేకపోతే సోమవారం కిరాణా కొట్టాయనకి మొత్తం తూకానికేస్తా. పొట్లాలు కట్టుకుంటాడు."

నాగరత్నం అన్నదంటే చేస్తుంది. నా పుస్తకాల్లో కందిపప్పు పొట్లాలు కడతారన్న మాటకే కోటయ్యల్ని మూట కట్టేశాను.

ధర గురించి బెజవాడలో పాత పుస్తకాలమ్మే ఆయన ముందే చెప్పాడు. కోటయ్య ఒక్కోటి దసరాకు రెండు రూపాయలట, ఉగాదికి పది, ఎండాకాలానికి ముప్పై. "మిరపకాయల ధరైనా చెప్పొచ్చు గానీ దీని ధర చెప్పలేమండి. కొనేవాళ్లు రాష్ట్రం మొత్తానికి నలుగురు. పంతం పడితే పెరుగుద్ది, అలిగితే పడిపోద్ది" అని, పటమటలో ఉండే ఒక రిటైరైన ఓవర్సీరు గారి చిరునామా ఇచ్చాడు.

ఐదూ నలభైకి బందరు పాసింజరు ఎక్కాను. జనం పల్చగా ఉన్నారు. ఎదురు బల్ల మీద తెల్లచీర కట్టుకున్న ఒకావిడ, ఒళ్లో టిఫిను క్యారియరుతో కూర్చుని ఉంది. పుస్తకాలు నలిగాయేమోనని మూట విప్పి చూసుకుంటుంటే అడిగింది.

"ఏంటండీ అవి, బొమ్మల పుస్తకాలా? ఎంతకిస్తారు?"

అమ్మకానికి కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. కాని అప్పటికి తెల్లగా తెల్లారలేదు, ఆ రోజు నన్ను ధర అడిగిన మొదటి మనిషి ఆవిడ. ఇరవై ఏళ్లుగా చీరలమ్ముతున్నాను, బోణీ బేరాన్ని వట్టి చేతులతో పంపిన పాపాన పోలేదు. పంపితే ఆ రోజు ఇంకే బేరమూ కుదరదని మా తాత నమ్మాడు, మా నాన్న నమ్మాడు, నేనూ నమ్ముతాను. పైగా ఆ రోజు కుదరవలసింది కుట్టుమిషనంత బేరం.

ఉన్నవాటిలో రెండు నుంచి పన్నెండు దాకా నంబర్లున్నవి పదకొండు. మిగిలిన ఒక్కదానికి అట్టా లేదు, నంబరూ లేదు. పాత పేపర్లవాడి దగ్గర దొరికింది, ఏదో దసరా అనుబంధమనుకున్నాను. అదే తీసి ఆవిడ చేతిలో పెట్టి రూపాయి తీసుకుని కళ్లకద్దుకున్నాను. పక్కన తమలపాకుల బుట్టతో ఉన్నాయన "మంచి బోణీ అండీ, ఇవాళ మీకు తిరుగులేదు" అన్నాడు.

మాటల్లో నా చీరల కొట్టు సంగతీ, బెజవాడ ప్రయాణం సంగతీ చెప్పాను. ఆవిడ పేరు కరుణమ్మ. గుడివాడలో కాలవగట్టు బడిలో మూడో తరగతి టీచరు. బందరులో చెల్లెలింటికి వెళ్లి వస్తోంది. "అన్నాలు తినొచ్చాక పిల్లలంతా తూగుతారండీ. ఇది చదివితే లేచి కూర్చుంటారు" అంటూ గుడివాడలో దిగిపోయింది. దిగేటప్పుడు నేనే క్యారియరు అందించాను.

ఎనిమిదిన్నరకు బెజవాడ. స్టేషను ఎదురుగా రెండిడ్లీ, కాఫీ, ముప్పావలా. పచ్చడి ఇంకోసారి అడిగితే విసుక్కోకుండా వేశారు. అక్కడి నుంచి సిటీ బస్సులో పటమట చేరేసరికి తొమ్మిదిన్నర అయింది.

ఓవర్సీరు గారు చేతులు కడుక్కుని, తుడుచుకుని, వేళ్లకు పౌడరు రాసుకుని గాని పుస్తకం ముట్టుకోలేదు. ఇల్లంతా కలరా ఉండల వాసన. వరసగా పేర్చి చూసి తలెత్తారు.

"ఒకటో నంబరేదండీ?"

"అది నాకెప్పుడూ దొరకలేదండి."

"దాని మీద నంబరుండదు. నంబరెయ్యాలని వాళ్లకి రెండో నెలలో గాని తట్టలేదు. కోటయ్య తాటిచెట్టు మీంచి కాలవలోకి దూకే బొమ్మతో మొదలవుద్ది. అట్ట లేకపోయినా పర్లేదు."

పొద్దున రూపాయికి అమ్మిన పుస్తకంలో మొదటి బొమ్మ అదే.

"గుడివాడలో ఉందండి" అన్నాను. అబద్ధం కాదు కదా.

"తెస్తే నాలుగొందలు. తేకపోతే అన్నీ కలిపి అరవై. అదీ ఇవాళ సాయంత్రం దాకానే. రేపు రాజమండ్రి నుంచి ఇంకొకాయన తన సెట్టు పట్టుకొస్తున్నాడు. సరుకెక్కువైతే ధరేమవుద్దో చీరలమ్మే మీకు నేను చెప్పాలా?"

పదిన్నరకు కంకిపాడు మీదుగా వెళ్లే గుడివాడ బస్సు దొరికింది. కంకిపాడు దాకా నిలబడే వెళ్లాను. సీటు దొరికాక పక్కనాయన నా మొహం చూసి "కోర్టు పనా బాబూ?" అన్నాడు జాలిగా. అవునన్నాను. గుడివాడలో రెండు రూపాయల భోజనం బాగుంటుంది, పప్పులో నెయ్యి అడగకుండానే వేస్తారు. నేనే సగంలో లేచిపోయాను.

కాలవగట్టు మీద బడి వెతుక్కోనక్కర లేకపోయింది. పిల్లల కేకలు రోడ్డు మీదకే వినిపిస్తున్నాయి. కిటికీలోంచి చూస్తే కరుణమ్మ టీచరు నా పుస్తకం పట్టుకుని చదువుతోంది. ఒక్క పిల్లవాడు తూగడం లేదు. నన్ను చూసి పుస్తకంలో వేలు పెట్టి బయటికొచ్చింది.

"ఏంటండీ, చిల్లర తక్కువిచ్చానా?"

"లేదండీ, పొరపాటున ఇచ్చేశాను. రెండు రూపాయలిస్తాను, వెనక్కిచ్చెయ్యండి."

"మీ కొట్లో అమ్మిన సరుకు వెనక్కి తీసుకుంటారా?"

"తీసుకోమండి... ఐదిస్తాను. పోనీ పది."

"రూపాయి పుస్తకానికి పది రూపాయలంటూ బెజవాడ నుంచి బస్సెక్కి వచ్చారంటే ఇందులో ఏదో ఉంది. నిజం చెప్పండి. ఇక్కడ అబద్ధాలు చెప్పేవాళ్లని బెంచీ ఎక్కిస్తాను."

చెప్పేశాను. బోణీ, ఓవర్సీరు, కుట్టుమిషను, ట్రంకు పెట్టె, అన్నీ. కళ్లెమ్మట నీళ్లొచ్చేలా నవ్వి, కొంగుతో తుడుచుకుని అడిగింది.

"అయితే ఇవి అమ్మి ఆ తొంభై కాపాడుకుందామనన్నమాట. కాపాడి ఏం చేస్తారు?"

"మంచం కింద దాచుకుంటానండి."

ఆ జవాబు నా చెవికే బాగా అనిపించలేదు. ఎక్కడో కలరా ఉండల వాసన వచ్చింది.

"డబ్బులొద్దండీ. ఈ పుస్తకం తీసుకెళ్లండి. ఆ పెట్టె ఈ బడికిప్పించండి."

"సగం ఇస్తానండి."

"మొత్తం."

"ఏడాదిపాటు వాడుకుని ఇచ్చెయ్యండి."

"మొత్తమండీ" అని గంట కొట్టడానికి వెళ్లబోయింది. ఇరవై ఏళ్ల వ్యాపారంలో నాకు ఇంత మొండి బేరం తగల్లేదు. ఒకటో నంబరు లేకుండా తిరిగి వెళ్తే సోమవారం పెట్టె కిరాణా కొట్టుకు పోతుంది, ఉంటే బడికి పోతుంది. ఎటుచూసినా నాకు దక్కదు. పొట్లాలకన్నా పిల్లలు నయమనుకుని సరేనన్నాను. కాగితం రాసివ్వమంటారా అంటే, "మీకు బోణీ మీదున్నంత నమ్మకం నాకు మీ మాట మీదుందిలెండి" అంది. లోపల పిల్లలు మాత్రం కోటయ్య కాలవలో ఉండగా కథ ఆగిపోయినందుకు నన్ను కొట్టేలా చూశారు.

తిరుగు బస్సులో, డబ్బు తీసుకుని మాట తప్పితే ఎవరడుగుతారని కంకిపాడు దాకా ఆలోచించిన మాట నిజం. దాచను. కాని ఆ టీచరు నవ్వు గుర్తొచ్చేసరికి సిగ్గేసింది.

నాలుగున్నరకు పటమటలో ఓవర్సీరు గారు పౌడరు చేతులతోనే ఎదురొచ్చారు.

"మూడొందల ఇరవై ఇస్తానండి."

"పొద్దున నాలుగొందలన్నారే!"

"పొద్దున సంగతి పొద్దునే. మధ్యాహ్నం టెలిగ్రాం వచ్చింది. రాజమండ్రాయన దగ్గర రెండు సెట్లున్నాయంట."

చీరలమ్మేటప్పుడు చేసినట్టే మూట కట్టడం మొదలుపెట్టాను, తొందర లేకుండా. ఒక ముడి వేశాను. మూడొందల నలభై అన్నారు. రెండో ముడికి మూడొందల అరవై. మూడో ముడికి కొస చేతిలోకి తీసుకునేసరికి మూడొందల ఎనభై పెట్టారు. ముడి విప్పాను.

పన్నెండూ ఒక రేకు పెట్టెలో పెట్టి, వేపాకు వేసి తాళం వేశారు.

"చదవరాండీ?" అన్నాను.

"చదివితే మడతలు పడతాయండి."

ఆ డబ్బుతో గవర్నరుపేటలో చేత్తో తిప్పే కుట్టుమిషను వచ్చింది. గోనెలో కుట్టించి, భుజానేసుకుని ఆరూ నలభై పాసింజరు ఎక్కాను. నాగరత్నానికి మిషనూ దక్కింది, మంచం కింద ఖాళీ కూడా దక్కింది. ఓవర్సీరు గారికి సెట్టు, టీచరుకు పెట్టె. ఈ ప్రయాణంలో నేనెవరి దగ్గరా నష్టపోలేదు, అయినా నా చేతిలో ఏమీ లేదు. గుడివాడ దాటుతుంటే ఆ పుస్తకాల మీద బెంగ కలిగింది. ఉన్నమాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

అప్పుడు తట్టింది. పెట్టె తీసుకుని వెళ్లగానే ఆ పిల్లలు ముందు అడిగేది కోటయ్య ఏమయ్యాడనే. ఆ సంగతి పటమటలో తాళం కింద ఉంది. నాకు గుర్తుందా అని మెల్లగా, నాలో నేను చెప్పుకోవడం మొదలుపెట్టాను. కాలవలో దూకిన కోటయ్య తూటికాడల్లో దాక్కోవడం, లాకుల దగ్గర దొంగలు కాపు కాయడం, బొమ్మ బొమ్మా వరసగా వచ్చేస్తోంది.

"తర్వాతేమైందండీ?" అన్నాడు ఎదురుగా కూర్చున్న ముసలాయన.

గొంతు పెంచాను. పక్క బల్ల మీదవాళ్లు ఇటు తిరిగారు. జామకాయలమ్మే ఆవిడ బుట్ట దింపుకుని కూర్చుంది. గుడ్లవల్లేరులో రెండో నంబరు, కవుతరం దాటాక మూడు. పెడన ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు వెళ్లిపోయిందో నాకు తెలియదు. బందరులో బండి ఆగితే, గోనెమూటతో ప్లాట్‌ఫారం మీద నిలబడి నాలుగో నంబరు పూర్తిచేశాను. ఎవరూ కదలలేదు.