పోగు తెగని అర్ర

అనసూర్య కాపురానికి వచ్చేనాటికి సిరిసిల్లలోని ఆ ఇంటికి నడుమ ఆకాశం ఉండేది. మామగారి తాత కట్టించిన ఇల్లది. డంగుసున్నం గోడలు, టేకు స్తంభాలు, చుట్టూ అర్రలు, మధ్యన వాన పడే వాకిలి. మరమగ్గాలు, అక్కడివాళ్ల మాటలో సాంచాలు, పెరిగేకొద్దీ భర్త విజయేందర్ ఆ వాకిలి మీద రేకులు కప్పేశాడు. ఇంటికి ఆనాడే ఊపిరాడకుండా పోయింది. నూలుదుమ్ము పీల్చీ పీల్చీ ఆమెకూ అంతే. పడుకుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుండేది.

దుమ్ములో పడుకోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పాకే పెరట్లో ఆమెకో అర్ర వేయడానికి విజయేందర్ ఒప్పుకున్నాడు. ఇళ్ల నమూనాలు గీసే చదువు చదివిన మేనకోడలు స్పందన, పాత గోడల జోలికి పోకుండా గీసిచ్చింది. పడమటెండ ఆపే బోలు ఇటుకల గోడ, వేపచెట్టు వైపు సందులు వదిలిన జాలీ గోడ, దాని కింద నీళ్లతొట్టి, పైన ఎత్తుగా పెంకులు.

ఆ ఎండాకాలం ఊరంతా ఉడికిపోతుంటే అనసూర్య ఆదమరచి నిద్రపోయింది. ఎన్నేళ్లకో! ఆ సంబరం కడుపులో దాగుతుందా? చూడవచ్చిన పక్కింటి సత్తమ్మతో అనేసింది.

"ఏం చెప్పాలె సత్తవ్వా! గీడ సాంచ పెట్టినా పోగు తెగది."

పొడి ఎండకు నూలు పెళుసెక్కి తెగుతుంది, చల్లని తడిగాలికి నిలుస్తుంది. నేతవాళ్ల నోట అంతకు మించిన మెచ్చుకోలు లేదు. నోరా, వీపుకు తేకే అని ఊరికే అన్నారా! గుమ్మంలో ఉన్న విజయేందర్ చెవిన ఆ మాట పడింది.

తెల్లారే సాంచాలు పెరట్లోకి కదిలాయి.

"గిదేంది? గిది నా అర్ర గద!"

"ఆర్డర్ ఎల్లేదాక జర ఓర్సుకో."

"మరి నేనేడ పండాలె?"

"పాతింట్ల జాగ లేదా? సాంచ నడిస్తెనే గదనే బువ్వ."

అనసూర్య తన పక్కబట్టలు చుట్టుకుంది. ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది, అదీ తన నోటి మీదే.

జాలీలోంచి కొట్టే గాలికి పోగులు ఊగుతున్నాయని గోనెసంచులు కట్టమన్నాడు. ఆమే కుట్టింది, ఆమే కట్టింది. పొద్దూమాపూ వాటిని తడపడం కూడా ఆమె పనే. ఆ ఆర్డర్ అయిపోయింది. ఇంకోటి వచ్చింది.

స్పందన ఫోన్ చేసింది. "అత్తా, నీ రూమ్ సల్లగున్నదా?"

రేకుల కింద, సాంచాల మోతలో, అనసూర్య కొంగు అడ్డం పెట్టుకుని దగ్గు ఆపుకుంది.

"మస్తు సల్లగున్నది బిడ్డా. ఒక్క పోగు తెగుతలేదు."