శివారు మడికి ముందుగా వచ్చిన నీళ్లు

"శివారు పొలానికి ముందుగా నీళ్లిచ్చే ధర్మప్రభువు ఎవడే? చూపించు, దణ్ణం పెట్టుకుంటాను."

"ఎవరిస్తే మనకేంటి అత్తయ్యా? కాలువ నిండా పారుతున్నాయి. తూము తీస్తే మడిలోకొస్తాయి. అక్కడ విత్తనాలు మొలకొచ్చి బస్తాలో వేడెక్కిపోతున్నాయి."

"నన్నడిగే నానబోశావా?"

"అడిగితే వద్దంటారుగా!"

కోడలు ఆ మాట అన్నాక నాకు అనుమానం ఇంకా ముదిరింది. దివిసీమలో మా ఊరు కాలువకు ఆఖరున ఉంది. పై ఊళ్లన్నీ తడిశాకే మాకు తడి. నేను కాపురానికి వచ్చాక ఒక్క ఏడాదే నీళ్లు ముందుగా వచ్చాయి. ఆశపడి నారు పోశాం. అది జానెడు లేచాక నీళ్లు ఆగిపోయాయి. ఎండిన నారు పశువులకు వేసి, పై ఊరి వాళ్లకు మిగిలిన ముదురు నారు బతిమాలి తెచ్చుకున్నాం. అప్పటినుంచి అడక్కుండా వచ్చిన దేన్నయినా అటూ ఇటూ తిప్పి చూడడం నాకు అలవాటయింది.

"నారు పోసేసి గుడివాడ పుట్టింటికి చెక్కేద్దామని కదూ నీ తొందర?"

"అవునత్తయ్యా, అక్కడ నాకు బంగారు ఉయ్యాల వేసుంచారు మరి!"

బందరులో పనిలో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేస్తే, "మీరూ మీరూ తేల్చుకోండమ్మా" అని పెట్టేశాడు.

కోడలు వెనకే వస్తుంటే కాలువ దగ్గరకు వెళ్లి దోసెడు నీళ్లు నోట్లో పోసుకున్నాను. సముద్రం పోటు మీదుంటే మురుగు కాలువల్లోంచి ఉప్పునీళ్లు ఎగదన్నుతాయి. నాలుకకు ఉప్పు తగల్లేదు. అయినా మనసు ఒప్పుకోలేదు. అంతలో నీళ్ల వంతులు చూసే లస్కరు గట్టు మీద వచ్చాడు.

"పై వాళ్ల దుక్కులింకా కాలేదు మామ్మగారూ, అందుకే మీదాకా వచ్చాయి. ఇవాళ ఉన్నాయి. రేపటి సంగతి నేను చెప్పలేను."

"విన్నావా, ఆయనే చెప్పలేనంటున్నాడు!"

"అందుకే ఇవాళే పెట్టమంటున్నాను!"

జవాబు లేనప్పుడు గొంతు పెంచడమే పెద్దరికమని నాకు ఓ నమ్మకం.

"రెండు రోజులు చూద్దాం. నిలకడగా పారితే అప్పుడు పెడదాం" అని గట్టిగా చెప్పి, తూములో కుక్కిన గడ్డిని కాలితో ఇంకాస్త తొక్కాను.

పక్క చేను వాళ్లు అప్పటికే నీళ్లు పెట్టేసుకున్నారు. వాళ్లకెవరో ముందే చెప్పి ఉంటారని, మాకు కావాలనే చెప్పలేదని మరో అనుమానం. పొదుపంటే దాచుకోవడమేనని నేను బతికాను. పారే నీళ్లను దాచుకోలేమని, ఉన్న పూటే వాడుకోవాలని ఆ రోజు నా బుర్రకు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లేసరికి కాలువ నీళ్లు తూముకు జానెడు కిందకు దిగి ఉన్నాయి. పైన గండి పడిందని ఒకరు, అడ్డుకట్ట వేశారని ఒకరు అన్నారు. కోడలు ఖాళీ నూనె డబ్బాకు రెండు వైపులా తాళ్లు కట్టి తెచ్చింది. చెరో పక్కన నిలబడి నీళ్లు ఎత్తిపోశాం. నా భుజాలు పట్టేసేసరికి సగం మడి తడిసింది. ఆ సగంలో విత్తనాలు చల్లాం. మిగిలినవి బస్తాలో మగ్గి వాసన వేస్తుంటే గేదెకు పెట్టాం.