కొబ్బరికాయలా చెవి దగ్గర పెట్టి

తెలంగాణ రాకముందు సంగతి. అలియాబాద్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా, పెళ్లికూతుర్ని తీసుకెళ్తున్న పాతకాలం కారు మా ముందే ఆగిపోయింది. కార్బొరేటర్ పొంగి పెట్రోలు కారుతోంది. డ్రైవరు మూత విప్పాడు కానీ ఏమీ అంతుపట్టలేదు.

నా పక్కనున్న బురఖా ఆవిడ వెళ్లి, కార్బొరేటర్‌లో పెట్రోలు మీద తేలే చిన్న ఇత్తడి బుడ్డిని తీసివ్వమంది. దాన్ని కొబ్బరికాయలా చెవి దగ్గర ఊపుతూ కళ్లు మూసుకుంది. లారీల మోతలో ఏం వినిపించిందో!

"దీంట్లకు పెట్రోల్ జొర్రింది. గందుకే తేల్తలేదు. గిది తేలకుంటే పెట్రోల్ ఆగది," అంది.

టీకొట్టు పొయ్యికి దూరంగా, వేడినీళ్ల గ్లాసులో బుడ్డిని ముంచింది. ఒకే చోటు నుంచి ఆవగింజలంత బుడగలు వరసగా లేచాయి. పెళ్లికూతురు కూడా దిగి వచ్చి నోరు తెరుచుకుని చూసింది. లోపలి పెట్రోలంతా పోయాక ఆవిడ ఆ కన్నానికి సబ్బు అద్దింది.

"ఇంటిదాంక వోతది. రేపు మాటు ఏపిచ్చుర్రి."

డ్రైవరు బుడ్డిని మళ్లీ బిగించాడు. కారు స్టార్టయింది.

"ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అన్నాను.

"మా అబ్బా మెకానిక్. ముసల్తనంల చెవులు వోయినయ్. ఇగ నేనే ఆయన చెవి."

అప్పటిదాకా కొబ్బరికాయ కొనేటప్పుడు ఊరికే ఊపి చూసేవాణ్ణి. ఇప్పుడు కళ్లు మూసుకుంటాను.