తుడిచేసిన నల్ల బాణాలు

పోయిన మంగళవారం మల్కాజ్‌గిరిలోని మా మూడో అంతస్తు వరండాలో వడియాలకు కాపలా కూర్చుని ఉండగా, మా పింఛనుదారుల సంఘం కార్యదర్శి ఫోన్ చేశారు. మా పాత పెద్దాఫీసరు గారికి ఎనభై ఏళ్లు నిండుతున్నాయనీ, బొల్లారంలో ఫంక్షన్ హాలు మాట్లాడామనీ, ఉపగ్రహం కొలిచిన సముద్రపు గాలుల్ని తుపాను హెచ్చరికల్లోకి తెచ్చిన మహనీయుడు గనుక ఒక సంచిక కూడా వేస్తున్నామనీ చెప్పి, "మేడం, మీరు సార్ కింద పన్నెండేండ్లు చేసిన్రు గదా, జెర రెండు పేజీలు రాసియ్యుండ్రి. మంచి మంచి ముచ్చట్లే రాయుండ్రి, తక్లీఫ్ పెట్టేటియి వద్దు" అన్నారు. ఆ చివరి మాట ఎందుకన్నారో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆయన అడిగారు, నేను రాస్తున్నాను. వేసుకోవడం, వేసుకోకపోవడం సంఘం ఇష్టం.

మాది విశాఖకు ఉత్తరాన, సముద్రం వాకిట్లోకి వచ్చి పలకరించే పల్లె. ఇంట్లో మగవాళ్లంతా వేటకు పోయేవాళ్లు. నేనొక్కదాన్నీ భౌతికశాస్త్రం చదివి, సముద్రానికి వీలైనంత దూరంగా సికింద్రాబాద్ వచ్చి, ఆ సముద్రం ఎలా ఉండబోతోందో దాని ఒడ్డునే ఉన్నవాళ్లకు చెప్పే ఉద్యోగంలో చేరాను. ప్రభుత్వం ఇలాంటి ఏర్పాట్లు ఎందుకు చేస్తుందో నాకు రిటైరయ్యేదాకా అర్థం కాలేదు. మా చిన్నాన్న తెల్లారగట్ల ఒడ్డున నిలబడి, గాలి చెంపకు ఏ పక్క తగులుతోందో చూసుకుని వేటకు పోవచ్చో లేదో తేల్చేవాడు. సెలవులకు వెళ్లినప్పుడల్లా నేను అన్నయ్యను కూర్చోబెట్టి, ఈ చెంపల లెక్క కట్టిపెట్టి రేడియోలో మా ఆఫీసు బులెటిన్ వినమని పాఠం చెప్పేదాన్ని. మా అన్నయ్య బళ్లో ఏ పాఠమూ వినలేదు గానీ, ఇదొక్కటీ శ్రద్ధగా విన్నాడు.

ఉపగ్రహపు గాలులు మా ఆఫీసుకు కొత్తగా వస్తున్న రోజులవి. పైనుంచి రాడారు కిరణాలు వేసి, గాలికి నీటి మీద లేచే చిన్న చిన్న మడతల్ని బట్టి, నడిసముద్రంలో గాలి ఎంత జోరుగా ఏ దిక్కు నుంచి వీస్తోందో ఉపగ్రహం లెక్కగట్టేది. అంతవరకు దారిన పోయే ఓడ ఏదైనా దయతలచి చెబితేనే మాకు అక్కడి గాలి సంగతి తెలిసేది. అలాంటిది పొద్దున ఒక పట్టీ, సాయంత్రం ఒక పట్టీ, సముద్రమంతా గాలి దిక్కు చూపే రంగు బాణాలే. మా పెద్దాఫీసరు గారు వాటికి రంగుల ముగ్గులని పేరు పెట్టారు. వానలో ఉపగ్రహం పొరబడుతుంది గనుక, అనుమానమున్న చోట బాణాలు నల్లగా వచ్చేవి. ఆ నల్లవాటిని చార్టు మీదికి ఎక్కించకూడదని ఆయన ఆజ్ఞ. తుపాను అనేది ఎక్కువగా వానలోనే ఉంటుందన్న సంగతి ఆయనకు ఎవరూ విన్నవించలేదు.

అలాంటి ఒక రోజు పొద్దున నేను నల్ల బాణాల్ని కూడా పెన్సిల్‌తో చార్టు మీద గీశాను. తక్కినవి చూస్తే తూర్పున ఎక్కడో ఉన్న బలహీనమైన అల్పపీడనం. పడమటి అంచున ఉన్న ఈ తొమ్మిది నల్ల బాణాల్నీ కలుపుకుంటే మాత్రం అక్కడ గాలి ఉత్తరం నుంచి దిగుతోంది, అంటే సుడి పూర్తిగా చుట్టుకుంది, అదీ మేమనుకున్నదానికంటే ఒడ్డుకు బాగా దగ్గరగా. ఆ మాటే ఆఫీసరు గారికి చెప్పాను. అంతకు కొద్ది నెలల కిందట ఆయన ఇచ్చిన ఒక హెచ్చరిక ఉత్తదై పైనుంచి అక్షింతలు పడి ఉన్నాయి. ఆయన కళ్లజోడు తీసి, "ఏమ్మా, మీవాళ్లు గాలి వాసన చూసి చెబుతారటగా, ఇదీ వాసన చూసే గీశావా?" అన్నారు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నా ప్రమోషన్ కాగితం ఆయన బల్ల మీదే ఉంది మరి. "తుడిచెయ్" అన్నారు. తుడిచేశాను. మధ్యాహ్నం బులెటిన్‌లో అక్కడక్కడ జల్లులు మాత్రమే పడ్డాయి. వేటకు వెళ్లవద్దన్న వాక్యం లేదు.

భోజనాల వేళ వీధి చివర టీకొట్టు దగ్గరి రూపాయి ఫోన్ నుంచి మా ఊరి కిరాణా కొట్టుకు చేసి అన్నయ్యను పిలిపించాను.

"ఒలే సెల్లీ, సిన్నాన్న పొద్దుట్నుంచీ పేణం తీసేత్తన్నాడే. గాలి ఉత్తరానికి తిరిగిపోనాదంట, ఎల్లొద్దంట. మీ ఆపీసేటంతంది?"

బులెటిన్‌లో లేని మాట బయట చెప్పకూడదన్నది మా నియమం. "ఆఫీసు ఏమీ అనలేదు" అన్నాను. అక్షరాలా నిజం.

"మరేటి! సెంప సూసి కాదు, రేడియో ఇని ఎల్లమని నువ్వే కదేటి సెప్పినావు" అని నవ్వాడు. టైమైపోయి ఫోన్ కట్టయింది. పర్సులో ఇంకో రూపాయి ఉంది. దాన్ని అలాగే పట్టుకుని కాసేపు నిలబడి, ఆఫీసుకు వెళ్లిపోయాను.

అన్నయ్య ఒక్కణ్ణీ పంపడం ఇష్టం లేక చిన్నాన్న కూడా పడవెక్కాడట. మర్నాటికి అల్పపీడనం తుపానైంది, నేను తుడిచిన చోటే. మూడో రోజున వేరే ఊరి పడవవాళ్లు నూనె డబ్బా పట్టుకుని తేలుతున్న అన్నయ్యను తెచ్చారు. చిన్నాన్నను తేలేదు. ఆకాశంలో ఉపగ్రహం, ఒడ్డున చిన్నాన్న, ఒకరి మొహం ఒకరు ఎరగకుండానే, గాలి ఉత్తరానికి తిరిగిందని ఒకే పొద్దున ఒకే మాట చెప్పారు. మధ్యలో సికింద్రాబాద్‌లో మేమున్నాం.

మా ఆఫీసరు గారు నా బల్ల దగ్గరికి వచ్చి, "ప్రకృతి ముందు మన చేతుల్లో ఏముందమ్మా" అన్నారు. నా చేతిలో రబ్బరుంది. ఆయన నివేదికలో ఉపగ్రహ సమాచారం ఆ ప్రాంతానికి అందలేదని రాశారు. కొన్నేళ్లకు ఆ బాణాల విలువ అందరికీ తెలిసొచ్చాక, వానలో చిక్కిన బాణాల్ని కొట్టిపారేయరాదంటూ ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చి శాలువాలు కప్పించుకున్నారు. ఆ ఏడాది నా గురించి పైకి రాసిన రహస్య నివేదికలో, చార్టులు శుభ్రంగా ఉంచును అని మెచ్చుకున్నారు. ప్రమోషన్ కూడా వచ్చింది, తీసుకున్నాను. ఆయన మీద నాకున్న కోపం ఈ ఇన్నేళ్లలో వీసమెత్తు తగ్గలేదు. తగ్గితే మిగిలేది నేనొక్కదాన్నే గనుక, దాన్ని జాగ్రత్తగా చూసుకుంటున్నాను.

పాత చార్టుల్ని ఆఫీసువాళ్లు చిత్తు కాగితాలవాడికి వేసిన రోజున ఆ రోజుది ఒక్కటీ అడిగి తెచ్చుకున్నాను. సంచికకు ఫొటో కూడా కావాలన్నారు గనుక దాన్నే పంపుతున్నాను. మామూలుగా చూస్తే చాలా శుభ్రంగా ఉంటుంది. కిటికీ దగ్గర కాస్త ఏటవాలుగా పట్టుకోండి, పెన్సిల్ నొక్కిన గాడులు తొమ్మిదీ కనబడతాయి.

ఇప్పుడా బాణాలు ఎవరి దగ్గరైనా ఉంటాయి. మా అపార్టుమెంటు పిల్లలు లిఫ్టులో నిలబడి ఫోన్‌లో బంగాళాఖాతాన్ని వేలితో అటూ ఇటూ జరుపుతారు, ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవరూ తుడవలేరు. ఇవాళ పొద్దున నేనూ చూశాను. మా తీరం పక్కన గాలి ఉత్తరం నుంచి దిగుతోంది. నియమాలేవీ లేవు గనుక వెంటనే అన్నయ్యకు ఫోన్ చేసి, ఒడ్డుకు వెళ్లి చూడు, గాలి ఎటు తిరిగిందో చెప్పు అన్నాను. వేట మానేసి ఇన్నేళ్లయినా పాపం వెళ్లాడు. చాలాసేపు ఫోన్‌లో గాలి చప్పుడే వినబడింది.

"నాకు తెల్డం లేదే సెల్లీ" అన్నాడు. "అది సిన్నాన్నకే తెలిసీది."