గోడ నిండా పడుకున్న స్వామి

పరంధామయ్యకు కావలసింది ఒక షట్టరు. వీధివైపు గోడ పగలగొట్టి, అక్కడ ఇనప షట్టరు బిగించి, ముందుగదిలో తువ్వాళ్ల అంగడి పెట్టుకోవాలి. అంతకు మించి ఆయన తిరుపతిని ఏమీ అడగలేదు. గోడ ఆయనది, గది ఆయనది, తువ్వాళ్లు నగరిలో తమ్ముడు నేసి పంపేవి. అయినా ఏడాది దాటినా ఆ గోడకు చిల్లు పడలేదంటే కారణం ఒక్కటే. మా వీధిని అందంగా తయారు చెయ్యాలని పైన ఎవరికో బుద్ధి పుట్టింది.

ఆయనది నగరి. ఇంటినిండా మరమగ్గాలు. ఆ టకటకలో చెవులు పోతాయని వయసులో ఉండగానే తిరుపతికి వచ్చేసి, ఒక లాడ్జిలో తాళంచెవులు ఇచ్చే పనిలో చేరాడు. జుట్టు నెరిసేదాకా ఆ బల్ల వెనకే కూర్చున్నాడు. యాత్రికులు తమిళంలో అడిగినా, కన్నడంలో అడిగినా, వేడినీళ్లు ఎప్పుడొస్తాయో అదే భాషలో అబద్ధం చెప్పగలిగేవాడు. నేను ఎదురింట్లో ఉంటాను. ఆయన సంగతులు నాకు తెలిసినన్ని ఆయన భార్య మోహనమ్మకు కూడా తెలియవేమో. ఆమెకు ఇంటిపని ఉంది, నాకు కిటికీ ఉంది.

మా వీధి మొదట్లోనే బస్సులు ఆగేవి. బస్సు దిగిన మగవాళ్లకు ఎదురుగా కనిపించే మొదటి గోడ పరంధామయ్యది. కిటికీ అయినా లేని పొడుగాటి తెల్లగోడ. రమ్మని పిలిచినట్టే ఉండేది, వాళ్లు వచ్చేవాళ్లు. ‘ఇక్కడ పోయరాదు’ అని ఎర్రరంగుతో రాయిస్తే, ఆ అక్షరాలు తీరిగ్గా చదువుకుంటూ పని కానిచ్చేవాళ్లు. ముందుగదిలో చుట్టాలు కూర్చుని ఉండగా గోడ అవతల ఆ చప్పుడు మొదలైతే, మోహనమ్మ ఎండాకాలంలో కూడా “బయట చినుకులు పడతా ఉన్నట్టుండాది” అని కాఫీలు తేవడానికి లోపలికి పోయేది. పరంధామయ్య మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి అర్జీలు ఇచ్చాడు. ఎవరూ రాలేదు.

ఎవరూ రారని అందరం ఖాయం చేసుకున్నాక ఒకరోజు టేపు పట్టుకుని ముగ్గురు దిగారు. అర్జీ కోసం కాదు, వీధుల సుందరీకరణ కోసం. గోడ మీద దేవుడి బొమ్మ వేస్తాం, మీకు సమ్మతమేనా అని అడిగారు.

“ఏసుకోండి సార్. కానీ పెద్దది ఎయ్యండి. ఈ మూల నుంచి ఆ మూల దాకా. రవ్వంత జాగా మిగిలినా ఆడొచ్చి నిలబడతారు ఎదవలు.”

ఈ మాట అన్నది పరంధామయ్యే. నేను చెవులారా విన్నాను. తరువాత రెండుమూడు సార్లు ఆయనకు గుర్తు కూడా చేశాను. అందుకే కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు.

బొమ్మ వెయ్యడానికి చిత్తూరు నుంచి యువరాజ్ అనే అబ్బాయి వచ్చాడు. నిలబడిన స్వామిని వేస్తే అటూ ఇటూ గోడ మిగిలిపోతుంది కదా. అందుకని పవళించిన గోవిందరాజస్వామిని వేశాడు. తల బస్సులు ఆగే వైపు, పాదాలు పక్కింటి వరదమ్మ గేటు వైపు. కింద ఆదిశేషుడి చుట్టలు, పాదాలు దాటి గోడ చివరిదాకా సాగిన తోక. మోహనమ్మ రోజూ ఆ అబ్బాయికి సంగటీ పప్పూ పెట్టి, “కండ్లు బాగా దిద్దు నాయనా, నిద్రపోతా ఉన్నా రోంత మా ఇంటి మీద చూపు ఉన్నట్టు ఉండాల” అని చెప్పింది. అట్లాగే దిద్దాడు.

ఆ రోజు నుంచి గోడ దగ్గర ఒక్కడు నిలబడితే ఒట్టు. నిలబడాల్సినవాళ్లు పక్క సందులోకి జరిగారు. ఆ సందువాళ్లకు పరంధామయ్య మీద ఇప్పటికీ కోపమే. వరదమ్మ మొదటిరోజే పాదాల దగ్గర దీపం పెట్టింది. దీపం వెనక టెంకాయలు వచ్చాయి. టెంకాయల వెనక, కొత్త బండ్లు కొన్నవాళ్లు చక్రాల కింద పెట్టే నిమ్మకాయలతో వచ్చారు.

సరిగ్గా అప్పుడే రోడ్డు వెడల్పులో లాడ్జి ముందు భాగం పోయింది. ఓనరు మిగతాది కూడా పడగొట్టించి పెద్ద కట్టడం మొదలుపెట్టాడు. “కొత్తదాంట్లో తాళంచెవులే ఉండవంట. కార్డు చూపిస్తే తలుపు తెరుచుకుంటాదంట. ఇంక నేనెందుకు?” అన్నాడు పరంధామయ్య, ఇంటికి తిరిగొచ్చిన రోజు. ఆ వయసులో ఇంకెవరూ పని ఇవ్వరు. కొండకు పోయేవాళ్లకూ కొండ దిగి వచ్చేవాళ్లకూ తువ్వాలు కావాలి, బస్సు దిగితే ఎదురుగా అంగడి ఉండాలి. ఆయన ఆలోచనలో తప్పేమీ లేదు. తమ్ముడు మూటలు పంపడం కూడా మొదలుపెట్టాడు.

గోడ కొట్టడానికి ఆదిమూలం మేస్త్రిని పిలిచారు. ఆయన వచ్చీ రాగానే చెప్పులు విడిచాడు. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

“యాడ కొట్టాలన్నా?” అన్నాడు ఆదిమూలం.

“యాడైనా కొట్టప్పా. షట్టరు పట్టాల, అంతే.”

“యాడైనా అంటే ఎట్లా? ఈడ తల. ఈడ బొడ్డు, తామరపువ్వు. ఆడ కాళ్లు. నువ్వే సెయ్యి పెట్టి సూపించు.”

పరంధామయ్య చెయ్యి లేచింది గానీ గోడ పొడుగునా తిరిగి తిరిగి ఎక్కడా ఆగలేదు. ఈలోగా వీధి పోగైంది.

“కాళ్ల కాడ కొట్టించుకో పరంధామన్నా” అన్నాడు ఆటో నడిపే మునికుమార్. “మనుషులు వచ్చి పొయ్యేదానికి ఆడైతేనే బాగుంటాది.”

“కాళ్లు తీసేస్తే నేను దీపం యాడ పెట్టాల, నీ ఆటోలోనా?” అంది వరదమ్మ.

“అయితే నడుం కాడ.”

“నడుం కాడ కొడితే షట్టరు ఎత్తినప్పుడల్లా సామి రెండు ముక్కలైతాడు. ముందు నీ నడుం అట్లా ఎత్తి సూడు.”

నేను కూడా ఊరుకోకుండా ఒక సలహా ఇచ్చాను. షట్టరు మీద కూడా ఆ బొమ్మే వేయిస్తే, దించినప్పుడు స్వామి పూర్తిగా కనబడతాడు కదా అన్నాను.

వరదమ్మ నా వైపు తిరిగింది. “అంటే పగలంతా సామికి నడుం ఉండదు, అంగడి మూసినాక వస్తాది. బాగా సదువుకున్నావప్పా.”

ఆదిమూలం సుత్తి సంచిలో పెట్టుకున్నాడు. “నాకు బిడ్డలుండారన్నా” అని, చెప్పులు వేసుకుని పోయాడు.

బొమ్మ తీసెయ్యమని అడగడానికి పరంధామయ్య మళ్లీ ఆఫీసుకు వెళ్లాడు. అక్కడి మనిషి ఓపిగ్గానే చెప్పాడట. “గోడ మీదే. కాదనలేదు. పైనున్న బొమ్మ మాది. అది చెరపాలంటే పైనుంచి అనుమతి రావాలి.”

“ఎంత పైనుంచి సార్?”

ఆ మనిషికి నవ్వు రాలేదు. ఇంటికొచ్చి పరంధామయ్య గోడ ముందర నిలబడి, “సున్నం దాకా మనదంట మోహనా, రంగు కాణ్నుంచి వాళ్లదంట” అన్నాడు. ఇంట్లో మూటలు పెరిగిపోయాయి. మంచం మీద తువ్వాళ్లు, బీరువా మీద తువ్వాళ్లు. మోహనమ్మ వంటింట్లోకి పక్కకు తిరిగి నడిచేది. ఓపిక పట్టలేక ఆయన ఒకరోజు గోడ బయట, స్వామి కిందనే, పట్టా పరిచి తువ్వాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నానికల్లా ఒకతను వచ్చి లేపాడు. నడిచే దోవ ఆక్రమించకూడదన్నాడు.

“ఇది నా ఇంటి ముందర సార్.”

“ఇంటి ముందర ఎందుకు? ఇంట్లో పెట్టుకో పో.”

ఆ మాటతో పరంధామయ్యకు తెగింపు వచ్చింది. మరునాడు తెల్లవారుతుండగా బకెట్లో సబ్బుపొడి కలిపి, కొబ్బరిపీచు తీసుకుని బయటికొచ్చాడు. రోజుకు కాస్త చొప్పున రుద్దితే బొమ్మ దానంతటదే వెలిసిపోయిందని అందరూ అనుకుంటారని ఆయన ఎత్తు. పాదాల దగ్గర మొదలుపెట్టాడు. బాగా వంగి, రెండు చేతులతో, పళ్లు బిగబట్టి రుద్దుతున్నాడు. ముగ్గు వెయ్యడానికి వచ్చిన వరదమ్మ వెనక నిలబడింది.

“ఏం జేస్తా ఉండావు పరంధామా?”

పీచు చేతిలోంచి జారింది. “ఏం లేదక్కా. దుమ్ము పట్టినాది.”

వరదమ్మ కళ్లు చెమర్చాయి. “నేను ఉత్త దీపం పెడతా ఉండాను. నువ్వు పాదాలే కడగతా ఉండావు” అని చేతులు జోడించింది. స్వామికో పరంధామయ్యకో నా కిటికీలోంచి తెలియలేదు. కాఫీల వేళకు ఆ మాట వీధంతా తిరిగింది. మరునాడు చూడడానికి నలుగురు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. బకెట్ తీసుకుని రాక ఆయనకు తప్పలేదు. ఆపైన రోజూ తప్పలేదు. వానాకాలానికి మా వీధి రోడ్డు కొట్టుకుపోయింది గానీ, రోజూ కడగడం వల్ల స్వామి పాదాలు మటుకు మిలమిలా మెరవసాగాయి.

“ఈ ఊర్లో తలుపుకు ఏసిన రంగు పండగ దాకా నిలవదు. నిజాయితీగా ఏసింది నా గోడకొక్కదానికే” అని పరంధామయ్య పీచు విసిరికొట్టాడు. విసిరి, ఎవరైనా చూశారేమోనని మళ్లీ తీసుకున్నాడు.

చివరికి మోహనమ్మే యువరాజ్‌కు ఫోన్ చేసింది. అన్నం పెట్టిన చనువుతో గట్టిగానే అడిగింది. “మా గోడ మాకు లేకుండా చేసినావు నాయనా. నువ్వే ఏదో ఒక దోవ చూపించు.” ఆ అబ్బాయి వచ్చి, వీధి అవతల నిలబడి చాలాసేపు చూశాడు.

“సామిని కదిలించేదానికి నా చేత కాదక్కా. పాము ముడుచుకోవచ్చు గదా.”

తోకను పాదాల కిందికి చుట్టేస్తే గోడ చివర కాస్త జాగా ఖాళీ అవుతుంది. ఇక వరదమ్మ ఒప్పుకోవాలి. ఆమె ఆలోచించింది. తోక కత్తిరించడం లేదు కదా అని రెండుసార్లు అడిగింది. “సలికాలం. ముడుచుకుంటే తప్పు లేదులే” అని తీర్పు ఇచ్చింది. ఆదిమూలం మళ్లీ చెప్పులు విడిచి, ఆదిశేషుడికి క్షమాపణ చెప్పుకుని సుత్తి ఎత్తాడు. ఆ జాగాలో షట్టరు పట్టలేదు. ఒక కిటికీ పట్టింది, అదీ ఒంటిరెక్కది.

కిటికీ అయినా చాలనుకున్నాడు పరంధామయ్య. కడ్డీకి తువ్వాళ్లు వేలాడదీసి వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మొదటి యాత్రికురాలు పాదాలకు మొక్కి, జరిగి, కిటికీ ముందు కుడిచెయ్యి చాపింది.

“తువ్వాళ్లమ్మా. ఏ రంగు కావాల?”

ఆమె చెయ్యి తియ్యలేదు. ఆమె వెనక ఇంకో ఇద్దరు చేతులు చాపుకుని వరసలో నిలబడ్డారు. తీర్థం కోసమని ఆయనకు కాస్త ఆలస్యంగా అర్థమైంది. లాడ్జిలో ఇన్నేళ్లు యాత్రికులను లేదని పంపించిన అలవాటు లేదు. తాగడానికి పెట్టుకున్న సీసాలోంచి తలా కాసిని నీళ్లు పోశాడు. వాళ్లు తాగి, మిగిలిన తడి తలకు రాసుకుని, తువ్వాలు అంచు పట్టుకుని కళ్లకద్దుకుని, జాగ్రత్తగా మళ్లీ కడ్డీ మీద వేసి వెళ్లిపోయారు.

లోపలినుంచి మోహనమ్మ అంతా చూసింది. “రేపట్నుంచి రెండు తులసాకులన్నా ఏసుకో. ఉత్త నీళ్లు బాగుండదు.”

ఆ వారమంతా అంతే. తువ్వాళ్లన్నీ ఎవరెవరి కళ్లకో తగిలాయి, ఒక్కటీ అమ్ముడుపోలేదు.

ఆ మధ్యలోనే ఆఫీసు మనిషి వచ్చాడు. గోడల మీది బొమ్మలు చూడడానికి పెద్దవాళ్లు వస్తున్నారు, ఆ రోజు కిటికీ మూసి తువ్వాళ్లు తీసెయ్యాలన్నాడు.

“మూసేది లేదు సార్” అన్నాడు పరంధామయ్య.

“ఫోటోల్లో తువ్వాళ్లు పడతాయయ్యా.”

“పడనీండి. నేను కూడా పడతాను. గోడ మీద ఉండే సామి పడతాడు, గోడ వెనకాల ఉండేవోడు పడకూడదా?”

ఆయన నోట అట్లాంటి గొంతు అంతకుముందు మేమెవరమూ వినలేదు. ఆఫీసు మనిషి కూడా ఏమనుకున్నాడో, మాట పెంచలేదు. చెప్పిన రోజున ఆఫీసు మనిషి పూలగుత్తి పట్టుకుని ఎండలో నిలబడ్డాడు. వరదమ్మ పట్టుచీర కట్టుకుంది. పరంధామయ్య చొక్కా ఇస్త్రీ చేయించుకుని కిటికీలో కూర్చున్నాడు. కార్లు వచ్చాయి. వీధి మొదట్లోనే ఆగిపోయాయి. ముందురోజే ఎవరో పైపులు వెయ్యడానికి రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా తవ్వారు. ఆఫీసు మనిషి గుంత దగ్గరికి పరుగెత్తాడు. తవ్వింది మేం కాదు, వేరే వాళ్లని ఆయన చేతులూపుతూ చెప్పడం నాకు కనబడింది. కార్లోంచి ఒకాయన దిగి, దూరం నుంచే తల ఊపి మళ్లీ ఎక్కాడు.

పొద్దు వాలాక గుంతలోంచి ఒక కూలీ పైకెక్కాడు. మట్టి, చెమట కలిసి ఒళ్లంతా కారుతున్నాయి. స్వామికి మొక్కలేదు, చెయ్యి చాపలేదు. నేరుగా కిటికీ దగ్గరికి వచ్చి, “తుండుగుడ్డ ఎంతన్నా?” అన్నాడు.

పరంధామయ్యకు వెంటనే అర్థం కాలేదు. “ఏమి?” అన్నాడు.

“తుండు. మొగం తుడుసుకునేదానికి. అమ్మేదానికి కాదా ఇవి?”

“అమ్మేదానికేనప్పా” అంటూ ఆయన కంగారులో నాలుగు ఒకేసారి లాగాడు. ఆ కూలీ ముఖం తుడుచుకుంటూ పోయి చెబితే, గుంతలోంచి ఇంకా ఇద్దరు వచ్చారు.

గుంత ఇంకా పూడ్చలేదు. బస్సులు అవతలి వీధిలో ఆగుతున్నాయి. యాత్రికులు ఇటు రావడం లేదు. ఎప్పుడు పూడుస్తారని పరంధామయ్య రోజూ వెళ్లి అడుగుతున్నాడు. అడుగుతాడే గానీ గట్టిగా అడగడు. ప్రస్తుతానికి ఆయన దగ్గర తువ్వాళ్లు కొంటున్నది ఆ గుంతలోనివాళ్లే.