కొసరుగా దిగిన కప్పలు

1982లో నేను షార్జాలో, రోలా చౌరస్తా వెనక వీధిలో ఉన్న మొక్కల దుకాణంలో కౌంటర్ మీద కూర్చునేవాణ్ణి. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, బొంబాయి నుంచి లాంచీలో వచ్చే మామిడి, మల్లె మొక్కలు మా సరుకు. మాది నెల్లూరులో తాతల నాటి కిరాణా కుటుంబం. బేరమాడకుండా ఏదైనా కొంటే ఆ పూట నాకు అన్నం సయించదు. ఆస్పత్రిలో సూదిమందు ధర దగ్గర కూడా గీచి గీచి అడిగానని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకు చెబుతుంది.

మా వ్యాపారంలో 'రూట్ బాల్' అంటారు. మొక్కను తవ్వేటప్పుడు వేళ్ళ చుట్టూ మట్టిని ముద్దగా ఉంచి గోనెపట్టాతో కట్టేస్తారు. నేను ఆ ముద్దను తట్టి చూపించి, "ధర మొక్కకే, ఇండియా మట్టి కొసరు" అని అమ్మేవాణ్ణి. కొనేవాడి ముఖం వెలిగిపోయేది.

ఆ మార్చిలో ఒక ఉదయం, కొండల కింద ఖర్జూరతోట ఉన్న ముసలి అర్బాబ్ పికప్‌లో వచ్చాడు. అర్బాబ్ అంటే యజమాని. మా పాత ఖాతాదారు. రేకుడబ్బా ఒకటి నా ముందు పెట్టి మూత తీశాడు. లోపల వేలెడేసి చేపలు, అన్నీ చచ్చినవే.

"నీ మందు చేసిన పని ఇది," అన్నాడు హిందీలో. "రాజన్న మందు డ్రమ్ము నా తొట్టిలో కడిగాడు. రేపు వాడి వీసా ఖలాస్."

రాజన్నది జగిత్యాల వైపు పల్లె. ఆ తోటకు తనొక్కడే పనివాడు. వీసా పోతే ఇంటికి తిరిగిపోవాల్సిందే.

ఆ చేపలు కూరకు పెంచినవి కావు. కొండలోని ఊటనీరు 'ఫలజ్' అనే కాలువలో వచ్చి తోట తొట్టిలో పడుతుంది. అక్కణ్ణుంచి చెట్లకు, మిగిలింది కింద వాగులోకి. చేపలు ఆ వాగువే, ఏనాటి నుంచో తొట్టిలో ఉన్నాయి. దోమపిల్లల్ని తింటాయి. జ్వరాల భయం ఉన్న చోటు అది.

"పదండి, చూద్దాం," అన్నాను. నిజం చెప్పాలంటే రాజన్న కోసం కాదు, మా మందు పేరు కోసం బయల్దేరాను.

తోటలో రాజన్న నన్ను చూడగానే చేతులు పట్టుకున్నాడు. "భాయ్, నేను డ్రమ్ము తొట్ల కడగలే. నా పిల్లల మీద ఒట్టు. జర జెప్పు నువ్వు."

తొట్టి గట్టున కూర్చుని నీళ్ళలోకి చూశాను. దోమపిల్లలు గిజగిజలాడుతున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అర్బాబ్, మా మందు నీళ్ళలో కలిస్తే ముందు చచ్చేది ఇవే. ఇవి బతికుంటే చేపలు చచ్చింది మందుతో కాదు," అన్నాను.

ముసలాయన రేకుడబ్బా అందుకున్నాడు. చేపను ఒకదాన్ని గోటితో చీల్చాడు. కడుపులో నల్లపూసల్లాంటి గుడ్లు. అవే పూసలు తొట్టి మూలల్లో జిగురు దారాలకు గుచ్చినట్టు బారుబారుగా తేలుతున్నాయి. నెల్లూరులో వానాకాలం గుంటల్లో పెరిగిన నాకు అవేంటో ఎవరూ చెప్పక్కర్లేదు. గోదురుకప్ప గుడ్లు, తిన్న చేపకు విషం.

రాజన్న తల దించుకున్నాడు.

"ఏందబ్బా రాజన్నా, యాడియ్యి ఇవి?"

"మీ మామిడి మొక్కల మట్టిల్నే ఉండె భాయ్. ముద్ద ఇప్పంగనే దుంకినయ్. మా ఊర్ల వానల్లేకుంటే కప్పతల్లిని రోకలికి గట్టి ఇల్లిల్లు తిప్పుతం గదా. గీ ఎడారిల అదే నడుసుకుంట అచ్చింది. ఎట్ల సంపుత? చెంబెడు నీళ్ళు వోసి, ఏపాకు దొరకక ఈడి ఘాఫ్ చెట్టు రెమ్మ వెట్టి, దండం వెట్టి తొట్ల ఇడిసిన."

రాజన్న వదిలాడు సరే, ఇంత దూరం మోసుకొచ్చిందెవరు? ఇప్పుడు నేను మాట మార్చి రాజన్న మీదికి తోసేస్తే మా దుకాణం గట్టెక్కేది. మనిషి ఊరికి పోయేవాడు. అలవాటుకొద్దీ లోపల ఒక బేరం నడిచింది, అబద్ధమెందుకు. కానీ ఆ నల్లపూసలు నా కొసరు. ఉన్నదంతా హిందీలో చెప్పేశాను. "తెచ్చింది నేను, వదిలింది ఇతను. పంపితే ఇద్దర్నీ పంపండి," అన్నాను.

ముసలాయన రాజన్న వైపు తిరిగాడు. "పోయిన నెల వాన నీదేనా?"

"మరి పడ్డది గదా, అర్బాబ్," అన్నాడు రాజన్న, భయపడుతూనే.

"దానికి కూలి అడగడంలేదు కదా," అన్నాను నేను.

ఆయన గడ్డంలో నవ్వు కదిలి ఆగిపోయింది. "వాన పడితే మా చిన్న కప్పలు ఇక్కడ అరుస్తాయి. ఈసారి అరవలేదు. తొట్టి నాది, గోడ కట్టాను. వాగుకు గోడ లేదు. ఇవి అందులోకి పోతే నేనేం చెయ్యను?"

బేరం అక్కడ మొదలైంది, నడిపింది మాత్రం ఆయన. నీళ్ళు లోపలికి రాకుండా, వాగులోకి పోకుండా తొట్టి తూములు రెండూ మూసెయ్యాలి. గుడ్లు, కప్పలు ఒక్కటి మిగలకూడదు. తొట్టి ఎండాలి. అందాకా చెట్లకు నీళ్ళు నేనూ రాజన్నా ఫలజ్ నుంచి బిందెలతో మొయ్యాలి. వాగులో మళ్ళీ చిన్నకప్ప అరిస్తే వీసా సంగతి మరిచిపోతాడు. నేను తగ్గించమని నోరు తెరిచాను. "యల్లా, కదులు," అన్నాడాయన. అంతే.

గుడ్ల దారాలను దంతెలతో లాగి ఎండలో రాళ్ళ మీద పరిచాం. తడి గోనెల కింద, మొక్కల కుదుళ్ళలో దాక్కున్న కప్పల్ని ఏరాం. ఒకచోట పిడికిలంత బలిసిన కప్ప పక్కన సన్నటి పాము, నోరు తెరుచుకుని చచ్చి ఉంది. కప్ప మెడ మీద పంటి గాట్లు. మింగలేక, ఆ కప్ప విషానికే పాము పోయిందన్నమాట. రాజన్న పామును కట్టెతో పక్కకు జరిపి, "మా దగ్గర పాములకు దీని సంగతి ఎర్కనే. వీటికి పాపం ఎవరు జెప్పాలె," అన్నాడు. ఆ తర్వాత కప్పల్ని ఏరడంలో నాకంటే తనే ముందున్నాడు.

నా శుక్రవారాలన్నీ బిందెల కింద పోయాయి. మళ్ళీ వానలొచ్చాక ముసలాయన దుకాణానికి వచ్చి ఏమీ కొనకుండా టీ తాగాడు. లేస్తూ, "అరిచింది," అన్నాడు. వాగు ఎగువ మడుగు నుంచి రాజన్న నెయ్యిడబ్బాలో తెచ్చిన చేపలు తొట్టిలో తిరుగుతున్నాయట.

అప్పటినుంచి లాంచీ దిగిన ప్రతి రూట్ బాల్‌నీ విప్పి, వేళ్ళు బకెట్టులో కడిగి, ఇక్కడి ఇసుకలో పెట్టి అమ్మాను. ఏం అమ్ముతున్నానో నాకు తెలుసనుకునేవాణ్ణి. దాంతోపాటు ఊరికే ఏమిస్తున్నానో అంతకుముందు ఎప్పుడూ చూసుకోలేదు. మట్టి కూడా వదలని పిసినారినని దుబాయ్ కరామా దాకా పేరొచ్చింది. కొనేవాళ్ళు ఎంత గీచినా నేను దిగని బేరం అదొక్కటే.