ఈగల సీసా

మా చిన్నాయన పోయారు. దవాఖాన నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను నాంపల్లిలో ఒక పండ్ల బండి పక్కన సీసా పట్టుకుని ఈగల కోసం నిలబడి ఉన్నాను. నలభై ఆరేళ్ల మనిషిని, ఇద్దరు పిల్లల తండ్రిని! పోయేటప్పుడు కూడా నన్ను ఆ పనిలోనే పెట్టి పోయారు మహానుభావుడు.

అబిడ్స్‌లో మాది గడియారాల దుకాణం. ఆయన రిపేర్లు చేసేవారు, నేను కౌంటర్లో కూర్చునేవాణ్ణి. గడియారాలొచ్చే అద్దాల డబ్బాల్లో ఆయన సాలెపురుగుల్ని పెంచేవారు. గూడు అల్లే రకం కాదు, గెంతి ఈగను పట్టే వేలిగోరంత జాతి. చచ్చిన ఈగ పనికిరాదట, ప్రాణమున్నదే కావాలట. తెచ్చేదెవరు? నేనే.

ఒకసారి కోఠి నుంచి వచ్చిన గిరాకీకి గడియారం బదులు సాలెపురుగు డబ్బా కాగితంలో చుట్టి ఇచ్చి పంపారు. గంటలో అతను అరుచుకుంటూ తిరిగొచ్చాడు. నేను చేతులు జోడిస్తుంటే, మా చిన్నాయన కంటికి భూతద్దం బిగించి డబ్బాలోకి చూసి, "పాపం, బస్సుల బెదిరింది" అన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నోరు లేనిదాన్ని పెంచితే మన నోరు అదుపుల ఉంటది" అనేవారు. నా నోరు చెడింది వాటివల్లే.

ఆయన దవాఖానలో చేరేనాటికి ఒక్కటే మిగిలింది. ఆ రోజు నుంచి అది ఈగను ముట్టలేదు. ఎదురుగా తిరిగినా మూలకు నక్కేది. "తిన్నదా?" అని ఆయన రోజూ అడిగేవారు. మనసు కుదుటపడుతుందని ఒకనాడు "తిన్నది" అన్నాను.

"అబద్ధం" అన్నారు, కళ్ళు తెరవకుండానే. "నిజంగ తింటే నువ్వు తిట్టుకుంట చెప్తవ్. గిట్ల మెల్లగ చెప్పవు."

"నీ సంగతేంది చిన్నాయనా? నువ్వు రెండు ముద్దలన్న తిన్నవా?"

"నన్నిడిసిపెట్టు. దానికి నువ్వు కొత్త మనిషివి. జర మొఖం సూపియ్యి."

నాతో ఆయన ఆఖరి మాట అదే. ఇంటి గురించి కాదు, దుకాణం గురించి కాదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు, ఏడుపొచ్చినా దానితోపాటే వస్తోంది.

దశదినకర్మ అయ్యాక దుకాణం తెరిచాను. ఈరోజూ తినకపోతే చెట్ల మీద వదిలేద్దామని, తిట్టుకుంటూనే ఇంకో ఈగను పట్టుకొచ్చాను. బతికుందో లేదో చూద్దామని ఆయన భూతద్దం కంటికి బిగించుకుని వంగాను. సాలెపురుగు నావైపు తిరిగింది. చాలాసేపు చూసింది. ఈగను వదిలాను. ఒక్క గెంతు!

"తిన్నది చిన్నాయనా! నీ దిక్కుమాలిన సాలెపురుగు తిన్నది!" అని గట్టిగా అరిచాను, ఆయన కూర్చుని రిపేర్లు చేసే ఖాళీ స్టూలు వైపు తిరిగి.